విశ్వాసం మాది, ఓటు మాది

(చోడవరంలో మహిళా కార్యకర్తల సదస్సులో చేసిన ప్రసంగ పాఠం)



నిర్వాహకులు నాకు ఇచ్చిన అంశం ‘క్రైస్తవులు - రాజకీయాలు’. ఈ మాట ఎత్తగానే ఎవరైనా అడిగే మొదటి ప్రశ్న ఒకటే. “క్రైస్తవుల ఓటు ఏ పార్టీకి?” ఎన్నికల ముందు నాయకులు ఇదే అడుగుతారు, పత్రికలవాళ్లూ ఇదే అడుగుతారు. పేటలోకి కారు వస్తుంది. పాస్టరుగారి ఇంటి ముందు ఆగుతుంది. లోపల నాలుగు మాటలు జరుగుతాయి. బయటికి వచ్చి “ఈ పేట మనదే” అంటారు. ఆ పేటలో ఉన్న ఆడవాళ్లను ఎవరూ ఏమీ అడగరు.

ఈ ప్రశ్న వెనక ఒక ఊహ ఉంది. ఒకే దేవుణ్ణి మొక్కేవాళ్లందరికీ ఒకే రాజకీయం ఉంటుందని, దాన్ని ఒక పెద్దమనిషి మాట్లాడి తేల్చవచ్చని ఆ ఊహ. ఈ ఊహ అబద్ధమని చెప్పడానికే నేను ఇక్కడ నిలబడ్డాను. దీనివల్ల ఎక్కువ నష్టపోతున్నది స్త్రీలు, అందులోనూ దళిత క్రైస్తవ స్త్రీలు అని కూడా చెప్పాలి. నేను ఈ ప్రాంతపు దళిత బాప్తిస్టు కుటుంబంలో పుట్టినదాన్ని. అయితే నేను క్రైస్తవుల తరఫున మాట్లాడటం లేదు. అలా మాట్లాడే అధికారం ఎవరికీ లేదన్నదే నా వాదన.

ఒక పేరు, అనేక బతుకులు

ముందు ‘క్రైస్తవులు’ అనే మాట కింద ఎవరెవరు ఉన్నారో చూద్దాం. విశాఖపట్నానికి లండన్ మిషన్ వారు 1805లో వచ్చారు. కెనడియన్ బాప్తిస్టులు 1874లో కాకినాడలో మొదలుపెట్టి బొబ్బిలి, భీమిలి, శ్రీకాకుళం దాకా వచ్చారు. దక్షిణాన ఒంగోలు వైపు అమెరికన్ బాప్తిస్టుల దగ్గరకు ఎక్కువగా మాదిగలు వెళ్లారు. గుంటూరు లూథరన్ సంఘాల్లో మాలలు, మాదిగలు చేరారు. అదే గుంటూరు జిల్లాలో రెడ్లు, కమ్మలు ఉన్న రోమన్ కాథలిక్ గ్రామాలున్నాయి. దోర్నకల్‌లో ఆంగ్లికన్ సంఘం పెరిగింది. 1947 సెప్టెంబరు 27న దక్షిణ ఇండియా సంఘం ఏర్పడినప్పుడు కొన్ని మిషన్లు కలిశాయి, కొన్ని బయటే ఉండిపోయాయి. ఆ తరువాత పెంతెకొస్తు సంఘాలు, స్వతంత్ర సంఘాలు వీధికొకటిగా వచ్చాయి. ఘాటు పైకి వెళితే ఆదివాసీ క్రైస్తవులు ఉన్నారు.

రెడ్డి కాథలిక్కు భూస్వామికీ, పేటలో ఉండే మాదిగ బాప్తిస్టు కూలీకీ ఒకే రాజకీయం ఎలా ఉంటుంది? కూలిరేటు పెంచమని ఒకరు, పెంచలేమని ఒకరు. ఇద్దరూ ఒకే ప్రభువు పేరు ఎత్తుతారు. గోవాడ చక్కెర ఫ్యాక్టరీ చెరకు బకాయిల గొడవ వచ్చినప్పుడు రైతు రైతుగానే కూర్చున్నాడు, కూలీ కూలీగానే నిలబడింది. ఎవరు ఏ గుడికి వెళతారన్నది అక్కడ లెక్కకు రాలేదు.

మాల, మాదిగ సంఘాల మధ్య దూరం ఇప్పటికీ ఉంది. 1994లో మాదిగ దండోరా మొదలైనప్పుడు వర్గీకరణ కావాలన్న క్రైస్తవులూ ఉన్నారు, వద్దన్న క్రైస్తవులూ ఉన్నారు. వర్గీకరణ చేసుకోవచ్చని 2024 ఆగస్టు 1న సుప్రీంకోర్టు చెప్పినప్పుడు ఒక మందిరంలో కృతజ్ఞతా ప్రార్థన జరిగితే పక్క మందిరంలో బాధపడ్డారు. ఇది విశ్వాసంలో లోపం కాదు. ఎవరి బతుకు వాళ్లకు నేర్పిన రాజకీయం అది.

ఇక లెక్కలు చూడండి. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1971 జనాభా లెక్కల ప్రకారం క్రైస్తవులు 4.19 శాతం. 2011లో 1.34 శాతం. ఈ 40 ఏళ్లలో మందిరాలు తగ్గాయా? మీ ఊళ్లో మీరే చూసి చెప్పండి. మందిరాలు పెరిగాయి, కాగితం మీద క్రైస్తవులు తగ్గారు. దీనికి ముఖ్యమైన కారణాల్లో ఒకటి కుల ధ్రువీకరణ పత్రం. దాని గురించి తరువాత మాట్లాడతాను.

మన ముందువాళ్లు నడిచిన దారులు

తెలుగు క్రైస్తవుల రాజకీయ చరిత్ర చూసినా ఒకే దారి కనిపించదు. దోర్నకల్ బిషప్ వి.ఎస్. అజరయ్య 1912లో ఆంగ్లికన్ సంఘంలో తొలి భారతీయ బిషప్ అయ్యారు. ఆయన భారతీయ క్రైస్తవులకు ప్రత్యేక నియోజకవర్గాలు వద్దని గట్టిగా అన్నారు. క్రైస్తవులు విడి గదిలో కూర్చుంటే పొరుగువారి నుంచి విడిపోతారని ఆయన భయం. రాజ్యాంగ సభలో హెచ్.సి. ముఖర్జీ వంటి క్రైస్తవ సభ్యులు మతం పేరు మీద రిజర్వుడు సీట్లు వదులుకోవడానికి ఒప్పుకున్నారు. మత ప్రచార హక్కు రాజ్యాంగం 25వ అధికరణంలో చేరింది.

ఈ నిర్ణయం గొప్పదే. కానీ దీన్ని తీసుకున్నవాళ్లు ఎవరు? చదువుకున్న మగవాళ్లు. పేటల్లోని క్రైస్తవ కూలీ స్త్రీలకు ఏమి కావాలో ఆ గదుల్లో అడిగినవారు లేరు. ఆ తరువాత ఏడాదిలోనే, 1950లో, వాళ్ల తలరాత మార్చిన ఉత్తర్వు వచ్చింది.

గుర్రం జాషువా క్రైస్తవ కుటుంబంలో పుట్టిన మహాకవి. ఆయన ‘గబ్బిలం’ కూడా రాశారు, ‘క్రీస్తు చరిత్ర’ కూడా రాశారు. గాంధీని అభిమానించారు. 1964లో శాసనమండలి సభ్యులయ్యారు. ఆయన కుమార్తె హేమలతా లవణం మరో దారిలో నడిచారు. నాస్తికోద్యమ నాయకుడు గోరా కుమారుడు లవణాన్ని వివాహం చేసుకున్నారు. స్టూవర్టుపురంలో నేరస్తులుగా ముద్రపడిన కుటుంబాల మధ్య పనిచేశారు. జోగినీ దురాచారానికి వ్యతిరేకంగా పోరాడారు. 1988లో దేవదాసీ సమర్పణను నిషేధించే చట్టం రావడం వెనక ఇలాంటి కృషి ఉంది.

స్టూవర్టుపురం కథ మనం మరిచిపోకూడదు. వలస ప్రభుత్వం కొన్ని కులాలకు పుట్టుకతోనే నేరస్తులనే ముద్ర వేసింది. ఎరుకల కుటుంబాలను ఆ సెటిల్‌మెంటులో పెట్టి, దాని నిర్వహణను సాల్వేషన్ ఆర్మీ అనే క్రైస్తవ సంస్థకు అప్పగించింది. అక్కడ విశ్వాసం రాజ్యానికి కాపలాదారు అయింది. బడి పెట్టారు, పని నేర్పారు, నిజమే. హాజరు తీసుకున్నదీ వాళ్లే. అదే ఊళ్లో దశాబ్దాల తరువాత ఆ కుటుంబాల పక్కన నిలబడినవారిలో క్రైస్తవ ఇంట పుట్టి నాస్తికురాలైన ఈ స్త్రీ ఒకరు. ఎవరు ఏ దేవుణ్ణి నమ్మారన్న దాన్నిబట్టి ఎవరు ఎటు నిలబడతారో చెప్పలేమనడానికి నాకు ఇంతకన్నా మంచి ఉదాహరణ దొరకలేదు.

కె.జి. సత్యమూర్తి, మనం శివసాగర్‌గా ఎరిగిన కవి, దళిత క్రైస్తవ కుటుంబం నుంచి వచ్చి పీపుల్స్‌వార్ స్థాపకుల్లో ఒకరయ్యారు. పార్టీలో కుల సమస్య లేవనెత్తి బయటికి వచ్చారు. ఆయన మేనకోడలు సుజాత గిడ్ల న్యూయార్క్ సబ్‌వేలో కండక్టరుగా పనిచేస్తూ ఆ కుటుంబ కథను ఇంగ్లీషులో రాసి 2017లో ప్రచురించారు. కెనడియన్ మిషన్ ఇచ్చిన చదువు, క్రైస్తవులైనా వదలని అంటరానితనం, కమ్యూనిస్టు ఆశలు, ముగ్గురు పిల్లలతో ఉద్యోగం కోసం అల్లాడిన తల్లి మంజుల - ఇవన్నీ ఒకే ఇంట్లో ఉన్నాయి.

మా ఇల్లూ అంతే. మా అమ్మ చచ్చేదాకా కాంగ్రెసు. మా మేనమామ ఎర్రజెండా. మా పెదనాన్న కొడుకు తెలుగుదేశం పెట్టిన నాటి నుంచి అందులోనే. ముగ్గురూ ఆదివారం ఒకే వరసలో కూర్చునేవారు. పాటలో గొంతు కలిపేవారు. బయటికి వచ్చి గుడి గేటు దగ్గరే వాదించుకునేవారు. మీ ఇళ్లల్లోనూ ఇంతకన్నా వేరుగా ఉండదు.

ముఖ్యమంత్రి విశ్వాసం, ప్రభుత్వ విధానం

ఇప్పుడు కొందరు అనవచ్చు: “ఇవన్నీ పాతకథలు. రాజశేఖరరెడ్డి వచ్చాక క్రైస్తవులంతా ఒకవైపు వెళ్లారు కదా?” చాలామంది వెళ్లారు, కాదనను. దాన్ని జాగ్రత్తగా విడదీసి చూడాలి.

2004 నుంచి 2009 దాకా, మళ్లీ 2019 నుంచి 2024 దాకా రాష్ట్రానికి క్రైస్తవ ముఖ్యమంత్రులు ఉన్నారు. తిరుమల వంటి పుణ్యక్షేత్రాల్లో అన్యమత ప్రచారాన్ని నిషేధిస్తూ 2007లో ఆర్డినెన్సు తెచ్చింది ఎవరి ప్రభుత్వం? రాజశేఖరరెడ్డి ప్రభుత్వమే. నేను ఆ చట్టం తప్పా ఒప్పా అని మాట్లాడటం లేదు. ముఖ్యమంత్రి వ్యక్తిగత విశ్వాసం చూసి ప్రభుత్వ విధానం ఊహించకండి అంటున్నాను. ఆయన ఓట్ల లెక్క వేరు, పాలన అవసరాలు వేరు.

2024 ఎన్నికల్లో కడప లోక్‌సభ స్థానం గుర్తుంది కదా. ఒకవైపు కాంగ్రెసు అభ్యర్థిగా షర్మిల, ఇంకోవైపు ఆమె అన్న పార్టీ అభ్యర్థిగా వాళ్ల బంధువు అవినాష్‌రెడ్డి. ఒకే కుటుంబం రెండు పార్టీలుగా నిలబడింది. ఇక కె.ఎ. పాల్ ప్రపంచమంతా తిరిగిన సువార్తికుడు. ప్రజాశాంతి పార్టీ పెట్టుకున్నారు. 2024లో ఇక్కడే విశాఖపట్నం లోక్‌సభకు పోటీ చేశారు. క్రైస్తవులందరిదీ ఒకే ఓటు అయితే ఆయనకు పడాలి కదా! ఎన్ని పడ్డాయో మీకు తెలుసు. పెద్దలు అనుకున్నంత అమాయకులు కారు మన జనం.

మరి ప్రభుత్వాలు క్రైస్తవులకు ఇచ్చినవి ఏమిటి? జెరూసలేం యాత్రకు సాయం. క్రిస్మస్ కానుక సంచి. మందిరాల మరమ్మతుకు డబ్బు. పాస్టర్లకు నెలకు 5,000 రూపాయల గౌరవ వేతనం. పార్టీ మారినా ఈ వరస మారలేదు. పేద పాస్టరుకు నాలుగు రూపాయలు వస్తే నాకేమీ అభ్యంతరం లేదు. పూజారికి, ఇమాముకు ఇచ్చినట్టే ఇది కూడా. కానీ ఆలోచించండి. ఈ పథకాలన్నీ ఎవరి చేతిగుండా వస్తున్నాయి? సంఘ పెద్దల చేతిగుండా. జెరూసలేం ప్రయాణంలో ప్రభుత్వ సాయం పోగా మిగతా డబ్బు పెట్టుకోగలిగింది ఎవరు? ఉపాధి పనికి వెళ్లే సుందరమ్మా? పాస్టరు చేతికి ప్రభుత్వం డబ్బు అందాక, ఆయన వేదిక మీంచి ఆ ప్రభుత్వాన్ని ప్రశ్నించగలరా?

చట్టం అడిగే ప్రశ్న

అసలు విషయం దగ్గరకు వస్తాను. 1950లో రాష్ట్రపతి ఉత్తర్వు వచ్చింది. హిందూ మతం కాక వేరే మతం పాటించేవారు షెడ్యూల్డు కులాలవారు కారని దాని మూడో పేరా చెప్పింది. 1956లో సిక్కులను చేర్చారు. 1990లో బౌద్ధులను చేర్చారు. క్రైస్తవులూ ముస్లిములూ బయటే ఉన్నారు. మన రాష్ట్రంలో క్రైస్తవులైన దళితులను బి.సి. ‘సి’ గ్రూపులో పెట్టి ఒక శాతం రిజర్వేషన్ ఇచ్చారు. 1977 ఆగస్టులో జి.ఓ. 341 ద్వారా స్కాలర్‌షిప్పుల వంటి కొన్ని సదుపాయాలు ఇచ్చారు. రిజర్వుడు సీట్లలో పోటీ, షెడ్యూల్డు కులాల ఉద్యోగాలు, అత్యాచారాల నిరోధక చట్టం రక్షణ మాత్రం అందులో లేవు.

కోర్టులు ఏమన్నాయి? మద్రాసులో పేవ్‌మెంటు మీద చెప్పులు కుట్టే సూసై అనే ఆయన సుప్రీంకోర్టుకు వెళ్లారు. పక్కన కూర్చున్న హిందూ చర్మకారులకు ప్రభుత్వం బడ్డీ ఇచ్చింది, క్రైస్తవుడని ఆయనకు ఇవ్వలేదు. మతం మారాక కూడా అంతే తీవ్రమైన వివక్ష ఉందని రుజువు చూపలేదని 1985లో కోర్టు కొట్టేసింది. అంతకుముందు 1976లో గుంటూరు వైద్య కళాశాల కేసులో అదే సుప్రీంకోర్టు ఇంకో మాట చెప్పింది. క్రైస్తవ తల్లిదండ్రులకు పుట్టినవాడు హిందువుగా మారితే, కులంవారు ఒప్పుకుంటే ఆ కులంలో సభ్యుడవుతాడని. అంటే ఏమిటి? మతం మారగానే పోయిన కులం, మళ్లీ మారగానే తిరిగి వస్తుంది. మధ్యలో ఎక్కడికి పోయింది? ఎక్కడికీ పోలేదు. పేటలోనే ఉంది. నీళ్ల దగ్గర, శ్మశానం దగ్గర, పెళ్లి సంబంధం దగ్గర ఉంది. కాగితం మీద మాత్రమే పోయింది.

2024 నవంబరు 26న, రాజ్యాంగ దినోత్సవం నాడు, సుప్రీంకోర్టు పుదుచ్చేరికి చెందిన ఒక స్త్రీ కేసులో తీర్పు చెప్పింది. గుమాస్తా ఉద్యోగం కోసం ఆమె కుల ధ్రువీకరణ పత్రం అడిగింది. పసిబిడ్డగా ఉండగా ఆమెకు బాప్తిస్మం ఇప్పించారు. ఆమె చర్చికి వెళుతూ ఉంటుందని, కనుక హిందువునన్న మాట చెల్లదని, రిజర్వేషన్ కోసం ఇలా చెప్పుకోవడం రాజ్యాంగాన్ని మోసగించడమేనని తీర్పు వచ్చింది. 2025 ఏప్రిల్ 30న మన రాష్ట్ర హైకోర్టు, పాస్టరుగా పనిచేస్తున్న ఒకాయన పెట్టిన అత్యాచార నిరోధక చట్టం కేసును కొట్టేసింది. క్రైస్తవుడయ్యాక ఆ చట్టం రక్షణ వర్తించదని కారణం.

ఈ తీర్పుల అర్థం పేటలో స్త్రీకి ఏమిటో చెప్పనివ్వండి. పొలంలో ఆమె మీద చేయి వేసినవాడు ఆమెను కులం పేరుతో తిట్టాడు. నువ్వు ఏ దేవుణ్ణి మొక్కుతావని వాడు అడగలేదు. ఆమె పోలీస్ స్టేషనుకు వెళ్లింది. అక్కడ అడుగుతారు. “ఆదివారం ఎక్కడికి వెళతావు? మెడలో ఏమిటి? ఇంట్లో గోడ మీద ఎవరి బొమ్మ?” ముద్దాయి తరఫు వకీలు ఆమె పెళ్లి ఫొటో తెచ్చి కోర్టులో పెడతాడు. నేరం గురించి జరగాల్సిన విచారణ ఆమె విశ్వాసం గురించిన విచారణగా మారిపోతుంది.

మనకు పైన, ఘాటు ఎక్కితే, చట్టం వేరుగా ఉంది. షెడ్యూల్డు తెగలకు మతం షరతు లేదు. జి.మాడుగుల మండలం వాకపల్లిలో 2007 ఆగస్టు 20న ఆదివాసీ స్త్రీలు తమపై గ్రేహౌండ్స్ పోలీసులు అత్యాచారం చేశారని ఫిర్యాదు చేశారు. వాళ్లు 16 ఏళ్లు కోర్టుల చుట్టూ తిరిగారు. 2023 ఏప్రిల్‌లో ముద్దాయిలను వదిలేశారు. దర్యాప్తు సరిగా జరగలేదంటూ స్త్రీలకు పరిహారం ఇవ్వమన్నారు. వాళ్లకు న్యాయం జరగలేదు. కానీ మీ దేవుడెవరని చట్టం వాళ్లను అడగవలసిన పనిలేకపోయింది. ఇప్పుడు మతం మారిన ఆదివాసీలను కూడా తెగల జాబితా నుంచి తీసేయాలని దేశంలో ఒక ప్రచారం నడుస్తోంది. పాడేరు నుంచి వచ్చిన చెల్లెళ్లు దీన్ని గమనించాలి. కింద మాకు 1950లో జరిగింది పైన మీకు జరగకూడదు.

రంగనాథ్ మిశ్రా కమిషన్ 2007లో ఇచ్చిన నివేదిక షెడ్యూల్డు కులాల హోదాకు మతంతో ముడి తీసేయమంది. మన శాసనసభ 2009లో ఒకసారి, 2023 మార్చిలో ఇంకోసారి తీర్మానం చేసింది. కేంద్రం 2022 అక్టోబరులో జస్టిస్ బాలకృష్ణన్ కమిషన్‌ను వేసి గడువులు పొడిగిస్తూ వచ్చింది. తీర్మానాలు ఎన్నికల ముందు వస్తాయి, తరువాత ఫైళ్లలోకి వెళతాయి. ఈ విషయంలో నిజమైన భిన్నాభిప్రాయం కూడా ఉంది. జాబితాలో కొత్తవాళ్లు చేరితే మా వాటా తగ్గుతుందని హిందూ దళిత మిత్రులు భయపడుతున్నారు. ఆ భయం ఉత్తది కాదు. వాటా పెంచకుండా చేరిస్తే పేదల మధ్యే తగువు పెట్టినట్టవుతుంది. అందుకే రెండూ కలిపి అడగాలి. ఈలోగా కనీసం అత్యాచారాల నిరోధక చట్టాన్ని మతంతో సంబంధం లేకుండా వర్తింపజేయమని అడగాలి. దీనివల్ల ఎవరి ఉద్యోగమూ పోదు, ఎవరి సీటూ పోదు.

సంఘంలో స్త్రీలు

బయటి అన్యాయం గురించి మాట్లాడి ఇంటి సంగతి వదిలేస్తే మనం చేసే పని సగమే.

1869 నాటి విడాకుల చట్టం క్రైస్తవ భార్యాభర్తలకు రెండు కొలతలు పెట్టింది. భార్య వ్యభిచరించిందని రుజువు చేస్తే భర్తకు విడాకులు. భర్త వ్యభిచరించాడని చెబితే భార్యకు చాలదు. దానితోపాటు క్రూరత్వమో, విడిచిపెట్టడమో ఇంకొకటి కూడా రుజువు చేయాలి. ఈ చట్టం 2001లో మారేదాకా 132 ఏళ్లు నడిచింది. ఈ మధ్యలో ఎంతమంది స్త్రీలు దెబ్బలు తిని “దేవుడు జతపరిచాడు” అన్న మాట విని వెనక్కి వెళ్లారో మనకు తెలుసు. కేరళలో మేరీ రాయ్ తండ్రి ఆస్తిలో వాటా కోసం పోరాడి 1986లో సుప్రీంకోర్టులో గెలిచినప్పుడు, అక్కడి సంఘాల పెద్దలు చాలామంది ఆమెకు ఎదురు నిలిచారు. మన తెలుగు క్రైస్తవ స్త్రీలకు భారత వారసత్వ చట్టం కింద అన్నదమ్ములతో సమాన వాటా ఎప్పటినుంచో ఉంది. ఎంతమంది తీసుకున్నారు? “కట్నం ఇచ్చాం కదా” అంటారు. ఆ మాట అనడానికి క్రైస్తవులకూ హిందువులకూ తేడా లేదు.

ఉమ్మడి పౌరస్మృతి చర్చ వచ్చినప్పుడు కూడా ఇదే ఇరకాటం. ఒకవైపు మైనారిటీలను బెదిరించడానికి స్త్రీల బాధను వాడుకునేవారు. ఇంకోవైపు సముదాయం పరువు పేరుతో ఆ బాధను దాచిపెట్టేవారు. మనం ఇద్దరినీ నమ్మనక్కరలేదు. 2001 మార్పు క్రైస్తవ స్త్రీలు, మహిళా సంఘాలు ఏళ్ల తరబడి అడిగితే వచ్చింది. ఆ దారి మనకు తెలుసు.

సంఘంలో కానుక పట్టేది స్త్రీలు, ఉపవాస ప్రార్థన చేసేది స్త్రీలు, మందిరం ఊడ్చేది స్త్రీలు. కమిటీలో లెక్క చూసేది మాత్రం మగవాళ్లు. దక్షిణ ఇండియా సంఘంలో తొలి మహిళా బిషప్‌గా మన తెలుగు ఆడపడుచు ఎగ్గోని పుష్పలలిత నంద్యాల పీఠానికి వచ్చారు. అది 2013లో. సంఘం పుట్టిన 66 ఏళ్లకు. సంతోషించాం. కానీ మన ఊరి సంఘ కమిటీలో స్త్రీలు ఎంతమంది? ఆ కమిటీలోనే ఎన్నికల బేరాలు జరుగుతాయి. అక్కడ మనం లేకపోతే మన ఓటు మన చేయి దాటి పోయినట్టే.

విశ్వాసం ఎటు నిలబడాలి

అయితే విశ్వాసాన్ని రాజకీయాల నుంచి పూర్తిగా తీసేయమని నేను అనను. అనలేను. 1985లో కారంచేడులో మంచినీటి చెరువు దగ్గర బిందె ఎత్తి ఎదురు నిలిచిన స్త్రీ పేరు మున్నంగి సువార్త. ఆ మర్నాడు, జూలై 17న, ఆరుగురు మాదిగలను చంపారు. దళిత మహాసభ అక్కడి నుంచే పుట్టింది. 1989లో అత్యాచారాల నిరోధక చట్టం రావడం వెనక ఆ రక్తం ఉంది. పేటల్లో ఎంతోమందికి నేనూ మనిషినే అన్న మాట మొదట వినిపించింది మందిరంలోనే. దాన్ని నేను తక్కువ చేయను.

బైబిలులో షిఫ్రా, పూయా అని ఇద్దరు మంత్రసానులు ఉన్నారు. మగబిడ్డలను చంపమని రాజు ఆజ్ఞ ఇస్తే వాళ్లు చంపలేదు. వాళ్ల గురించి మన మందిరాల్లో ఎన్ని ప్రసంగాలు విన్నారు? అధికారులకు లోబడి ఉండాలన్న ప్రసంగాలు ఎన్ని విన్నారు? ఒకే గ్రంథం రెండు వైపులా పనిచేస్తుంది, చదివేవారి చేతిని బట్టి. అమెరికాలో మార్టిన్ లూథర్ కింగ్ పాస్టరే. 1963లో ఆయన్ను బర్మింగ్‌హామ్ జైలులో పెట్టినప్పుడు తొందరపడవద్దని బుద్ధి చెప్పినవాళ్లూ మత పెద్దలే. కేరళలో 1959లో ఎన్నికైన కమ్యూనిస్టు ప్రభుత్వాన్ని దించడానికి చర్చి ముందు నడిచింది. అదే దేశంలో ఆదివాసీల భూమి హక్కుల కోసం పనిచేసిన జెస్యూట్ ఫాదర్ స్టాన్ స్వామి 2021 జూలై 5న విచారణ ఖైదీగానే చనిపోయారు.

నాకు వీటిలోంచి ఒక కొలత దొరికింది. విశ్వాసం మనిషికి ధైర్యం ఇచ్చి ప్రశ్న అడిగిస్తే మంచిదే. పెద్దమనిషి విశ్వాసం పేరు చెప్పి మన బదులు జవాబు ఇచ్చేస్తే ప్రమాదం. పాస్టరుగారు వేదిక మీద కుల హింసను ఖండించవచ్చు, కల్తీ సారాను ఖండించవచ్చు, భార్యను కొట్టేవాణ్ణి పేరుపెట్టి లేపి నిలబెట్టవచ్చు. ఫలానా గుర్తుకు వేయకపోతే దేవుడికి ద్రోహం అని మాత్రం అనకూడదు.

ఇంకొక మాట. మన పొరుగున ఒడిశాలో, కంధమాల్‌లో, 2008లో క్రైస్తవుల ఇళ్లు కాల్చారు, మనుషుల్ని చంపారు, ఒక నన్‌పై అత్యాచారం చేశారు. ఇలాంటివి జరిగినప్పుడు సముదాయం భయంతో ఒకచోటికి చేరుతుంది. ఎవరు కాపాడతామంటే వాళ్ల వెనక వెళుతుంది. బయటివాళ్లకు అది ‘ఓటు బ్యాంకు’లా కనిపిస్తుంది. అది బ్యాంకు కాదు, భయం. భయపెట్టేవాడూ రక్షిస్తానని వచ్చేవాడూ ఇద్దరూ ఆ భయం మీదే బతుకుతారు. భిన్నంగా ఆలోచించే స్త్రీని “ఈ సమయంలో మనవాళ్లను బయట పెడతావా” అని నోరు మూయించేది కూడా అదే. కనుక మైనారిటీల భద్రత కోసం పోరాడటం, ఆ మైనారిటీలోని స్త్రీల స్వేచ్ఛ కోసం పోరాడటం వేరువేరు పనులు కావు.

మనం చేయవలసింది

కార్యకర్తలుగా మన పని గురించి నాలుగు మాటలు చెప్పి ముగిస్తాను.

పేటలోకి వెళ్లినప్పుడు పాస్టరుగారి అనుమతితో సమావేశం పెట్టి ఆగిపోకండి. స్త్రీల సమాజం కూడికకు వెళ్లండి. అక్కడ పాట అయ్యాక మాట్లాడే పది నిమిషాలు చాలా విలువైనవి.

దాడి జరిగి స్త్రీ స్టేషనుకు వెళితే ఆమెతో మనం ఉండాలి. అత్యాచార నిరోధక చట్టం దగ్గర తగువు వస్తే, అక్కడితో కేసు వదిలేసి రాకండి. శిక్షాస్మృతి సెక్షన్లు అందరికీ ఉన్నాయి, వాటికింద ఎఫ్‌ఐఆర్ కట్టించండి. కుల పత్రం విషయంలో ఆమెను అబద్ధం చెప్పమని మనం చెప్పకూడదు, ఆమెను నిందించనూ కూడదు. చట్టమే ఆమెను రెండుగా కోసింది.

సంఘ కమిటీలో స్త్రీలకు సగం చోటు అడగండి. ఇది మతంలో జోక్యం అంటారు. సంఘంలో సభ్యులైన స్త్రీలే అడిగితే అది జోక్యం ఎలా అవుతుంది?

ఓటు గురించి అడిగితే ఒకటే చెప్పండి. ఏ పార్టీ అని మేము చెప్పం. రేపు మీ తలుపు తట్టినవాణ్ణి కూలిరేటు గురించి, ఇంటి పట్టా గురించి, అత్యాచార నిరోధక చట్టం గురించి అడగండి. జవాబు విని మీరే తేల్చుకోండి. మీ మరిది వేరేగా తేల్చుకుంటే తేల్చుకోనివ్వండి. ఆదివారం ఒకే వరసలో కూర్చుని వేరువేరుగా ఓటు వేయడంలో పాపం లేదు.

2022 ఏప్రిల్ దాకా చోడవరం విశాఖ జిల్లాలో ఉంది. ఇప్పుడు అనకాపల్లి జిల్లా. పాడేరు అల్లూరి సీతారామరాజు జిల్లాకు వెళ్లింది. గీతలు మారాయి, ఆఫీసులు మారాయి. ఈసారి కుల పత్రం కోసం కొత్త ఆఫీసు మెట్లెక్కే చెల్లెలి పక్కన మనలో ఒకరు ఉండాలి. ఎవరు ఏ మండలం చూస్తారో ఈ సాయంత్రమే రాసుకుని లేద్దాం.

సెలవు.